అన్నిట్లో ఉన్నది తీగ, ఇనుము, అయస్కాంతమే కదా, మరి ఇన్ని రకాల మోటార్లెందుకు?

మీరు అడిగిందాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. సోలెనాయిడ్, స్టెప్పర్, సర్వో, బీఎల్‌డీసీ, ఇండక్షన్ అని ఇన్ని పేర్లున్నా విప్పి చూస్తే లోపల రాగి తీగ, ఇనుము, అయస్కాంతమే కదా, ఇన్ని రకాలెందుకు అన్నది ఒకటి. తలుపు గడియకి మీరు పెట్టిన 12 వోల్టుల సోలెనాయిడ్ (కరెంటిస్తే ఇనుప కడ్డీని లోపలికి లాగే తీగచుట్ట) మీద 25 న్యూటన్లు అని రాసున్నా, 30 మిల్లీమీటర్ల దూరం నుంచి గడియని కదపలేకపోతోంది, పది నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, దాని బదులు ఏం పెట్టాలి అన్నది రెండోది. రెండోదానికి జవాబు మొదటిదాంట్లోనే దొరుకుతుంది కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

చాలా ఏళ్లుగా మోటార్లు విప్పి బిగిస్తున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, పేర్లు బట్టీ పడితే లాభం లేదు, ఏ మోటారు చేతికొచ్చినా రెండే అడగాలి. దీంట్లో బలం ఎక్కడ పుడుతోంది? కరెంటుని ఎప్పుడు, ఏ వైపుకి తిప్పాలో ఎవరు చూసుకుంటున్నారు? ఈ రెండూ తేలితే దాని గుణాలు, దాని జబ్బులు రెండూ వాటంతటవే తెలుస్తాయి.

బలం రెండు రకాలుగా పుడుతుంది. మొదటిది, అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగలో కరెంటు పారితే తీగ పక్కకి నెట్టబడుతుంది. 1821లో ఫారడే చేసి చూపించింది ఇదే, పాదరసం గిన్నెలో నిలబెట్టిన అయస్కాంతం చుట్టూ వేలాడే తీగ గిరగిరా తిరిగింది. లెక్క కూడా చాలా తేలిక, క్షేత్రం × కరెంటు × తీగ పొడవు. 1 టెస్లా క్షేత్రంలో 10 మీటర్ల తీగ చుట్టి 1 ఆంపియర్ పంపితే 10 న్యూటన్లు, అంటే సుమారు ఒక కిలో బరువంత తోపు. కరెంటు రెట్టింపు చేస్తే బలం రెట్టింపు, కరెంటు తిరగేస్తే బలం తిరగబడుతుంది.

స్పీకర్‌లో ఉన్నది అచ్చంగా ఇదే. అట్టకోనుకి అతికించిన చిన్న కాయిల్, దాని చుట్టూ పర్మనెంట్ మాగ్నెట్. దాన్నే వాయిస్ కాయిల్ అంటారు, హార్డ్ డిస్కుల్లో తలని ట్రాకు మీదకి తీసుకెళ్లేదీ వాయిస్ కాయిలే. కదిలే భాగంలో ఇనుము ఉండదు కాబట్టి తేలిగ్గా ఉంటుంది, ఎటు లాగితే అటు క్షణంలో వెళ్తుంది. కానీ కొద్ది దూరమే పోగలదు, ఒకచోట నిలబెట్టాలంటే కరెంటు ఇస్తూనే ఉండాలి.

రెండో రకం బలం వేరు. ఇనుముని అయస్కాంతం లాగుతుంది, ఎందుకంటే అయస్కాంత క్షేత్రానికి గాలిలోంచి పోవడం కష్టం, ఇనుములోంచి పోవడం సుఖం. మధ్యలో గాలి ఖాళీ ఉంటే దాన్ని మూసెయ్యడానికే చూస్తుంది. సోలెనాయిడ్, రిలే (కాయిల్ లాగితే పడే స్విచ్), కాంటాక్టర్ (పెద్ద రిలే), ఎలక్ట్రోమాగ్నెటిక్ బ్రేకు అన్నీ ఈ ఇంటివే. ఇక్కడ కరెంటు తిరగేసినా లాగుడే, తోపు రాదు. అందుకే మామూలు సోలెనాయిడ్ వెనక్కి రావడానికి స్ప్రింగు పెడతారు.

ఇందులో అందరూ దెబ్బతినేది దూరం దగ్గర. ఇనుము ఇక క్షేత్రాన్ని పట్టలేనంతగా నిండిపోనంతవరకు, బలం గాలి ఖాళీ వర్గానికి విలోమంగా మారుతుంది. ఖాళీ రెట్టింపైతే బలం నాలుగో వంతు, నాలుగు రెట్లైతే పదహారో వంతు. ప్లంజర్, అంటే ఆ కదిలే ఇనుప కడ్డీ, పూర్తిగా లోపలికెళ్లి అతుక్కున్నప్పుడు మాత్రం బలం విపరీతంగా ఉంటుంది, 1 టెస్లా దగ్గర ఒక చదరపు సెంటీమీటరుకి దాదాపు 40 న్యూటన్లు. బలం గొప్పగా కనబడాలని తయారీదారులు లేబుల్ మీద వేసేది చాలాసార్లు ఈ ఆఖరి అంకెనే. మీ 25 న్యూటన్లు కూడా అదే అయ్యుంటుంది, 30 మిల్లీమీటర్ల అవతల నుంచి అందులో చిటికెడు మిగిలినా గొప్పే. ప్లంజర్ కొనని కోన్ ఆకారంలో చెక్కిన సోలెనాయిడ్లలో ఈ వాలు కాస్త తగ్గుతుంది, అయినా చివర్లో బలం ఎక్కువ, మొదట్లో తక్కువ అన్న స్వభావం మారదు. కొనేటప్పుడు బలం ఎంత అని కాకుండా బలం-దూరం గ్రాఫు ఉందా అని అడగండి. అది ఇవ్వనివాడి దగ్గర నేనైతే కొనను.

ఇక వేడి. మీ కాయిల్ నిరోధకత కొలిచి 6 ఓములు అని రాశారు. 12 వోల్టులకి 2 ఆంపియర్లు, 24 వాట్లు. ప్లంజర్ కదలడం ఆగిపోయాక అక్కడ జరిగే పని సున్నా, ఆ 24 వాట్లూ వేడిగానే పోవాలి. చిన్న సోలెనాయిడ్ ఒళ్లు అంత వేడిని వదిలించుకోలేదు. దాని మీద డ్యూటీ 10 శాతం లాంటి మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, అంటే పది సెకన్లలో ఒక్క సెకను మాత్రమే ఆన్‌లో ఉండాలని, అదీ మరీ ఎక్కువసేపు ఒక్క దెబ్బన కాకుండా. దీనికి మంచి చిట్కా ఉంది. లాగడానికి పూర్తి కరెంటు కావాలి, లాగేశాక ఖాళీ మూసుకుపోయింది కాబట్టి పట్టి ఉంచడానికి మూడో వంతు కరెంటు చాలా సోలెనాయిడ్లకి సరిపోతుంది. మొదటి పదో వంతు సెకను పూర్తి వోల్టేజీ, తర్వాత పీడబ్ల్యూఎంతో (చాలా వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ సగటు తగ్గించే పద్ధతి) మూడో వంతుకి దించితే, వేడి కరెంటు వర్గంతో పోతుంది కనుక 24 వాట్లు కాస్తా 3 వాట్ల లోపుకి వచ్చేస్తాయి.

కాయిల్‌కి అడ్డంగా డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) పెట్టారా? పెట్టకపోతే వెంటనే పెట్టండి. కాయిల్‌లో పారే కరెంటుకి పరిగెత్తే బండికున్నట్టు ఊపు ఉంటుంది, స్విచ్ తెరవగానే ఆగమంటే ఆగదు, వందల వోల్టులు పుట్టించి స్విచ్‌లో నిప్పురవ్వ వేస్తుంది, లేదా ట్రాన్సిస్టర్‌ని చంపుతుంది. డయోడ్ వల్ల ఒక చిన్న నష్టం ఉంది, ప్లంజర్ వదలడం కొంచెం ఆలస్యమవుతుంది. త్వరగా వదలాలంటే డయోడ్‌తో పాటు వరసలో ఒక జీనర్ డయోడ్ (ఒక వోల్టేజీ దాటాక ఎదురువైపుకీ దారిచ్చేది) కలపండి.

ఏసీ కాంటాక్టర్ల సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను, మీకు అక్కర్లేకపోయినా చదివే ఇంకొకరికి పనికొస్తుంది. ఏసీలో కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, వచ్చినప్పుడల్లా ప్లేటు వదిలేసి మళ్లీ అతుక్కుంటే గుయ్యిమని మోత. అందుకే కోరు ముఖం మీద ఒక మూల రాగి రింగు బిగిస్తారు, ఆ రింగులో పుట్టే కరెంటు అక్కడి క్షేత్రాన్ని కొంచెం వెనక్కి జరుపుతుంది, ఒక భాగంలో క్షేత్రం సున్నా అయినప్పుడు రెండో భాగంలోది పట్టుకుని ఉంటుంది. ఒకసారి ఒక యంత్రంలో కాంటాక్టర్ కాయిల్ నెలలో మూడుసార్లు కాలింది, మూడుసార్లూ కాయిల్ నాసిరకం అనుకుని కొత్తది వేశాం. నాలుగోసారి ముఖాలు విప్పి చూస్తే తుప్పు, జిడ్డు కలిసి ఒక పొర కట్టుంది. ఏసీ కాయిల్‌లో కరెంటుని ఆపేది ఎక్కువగా ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం), ఖాళీ పూర్తిగా మూసుకుంటేనే ఆ ఇండక్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది. పొర అడ్డం పడి ఖాళీ మూసుకోకపోతే కరెంటు ఎక్కువగానే పారుతూ కాయిల్‌ని వండేస్తుంది. మాకు కాలింది కాయిల్, కాల్చింది ఆ జిడ్డు. డీసీ సోలెనాయిడ్ అడ్డం పడి ఆగితే ఇలా అదనంగా కాలదు, దాని కరెంటు ఎప్పుడూ నిరోధకత చెప్పినంతే.

ఇప్పుడు తిరిగే వాటి దగ్గరికి వద్దాం. తీగ మీద తోపు వచ్చింది సరే, తీగ సగం చుట్టు తిరిగాక అదే కరెంటు ఉంచితే తోపు ఎదురు తిరుగుతుంది. కాబట్టి సరైన సమయానికి కరెంటు దిశ మార్చాలి. మోటారు రకాలన్నీ ఈ ఒక్క పనిని ఎవరు చేస్తారన్న దాని మీదే విడిపోయాయి.

బ్రష్ డీసీ మోటారులో ఆ పని షాఫ్టే చేసుకుంటుంది. రోటార్, అంటే తిరిగే భాగం, మీద రాగి ముక్కలతో చేసిన కమ్యుటేటర్, దాని మీద రుద్దుకుంటూ కార్బన్ బ్రష్‌లు. రోటార్ తిరిగేకొద్దీ బ్రష్ కొత్త ముక్క మీదకి వెళ్తుంది, కరెంటు మారుతుంది. వాడడం మహా తేలిక, రెండు వైర్లు తగిలిస్తే చాలు, తిరగేసి తగిలిస్తే వెనక్కి తిరుగుతుంది. బ్రష్‌లు అరుగుతాయి, రవ్వలు వస్తాయి, రేడియో గోల చేస్తుంది, అంతే దాని చెడు.

ఈ మోటారుని బాగా అర్థం చేసుకుంటే మిగతావి సగం వచ్చేసినట్టే, ఎందుకంటే బ్యాక్ ఈఎంఎఫ్ అనేది ఇక్కడే కంటికి కనిపించినంత స్పష్టంగా ఉంటుంది. క్షేత్రంలో తిరిగే తీగ జనరేటర్ కూడా కదా, అది మీరిచ్చే వోల్టేజీకి ఎదురుగా తన వోల్టేజీ పుట్టిస్తుంది. 12 వోల్టుల మోటారు, వైండింగ్ (తీగ చుట్లు) నిరోధకత 1 ఓము అనుకోండి. స్విచ్ వేసిన క్షణంలో రోటార్ కదల్లేదు, ఎదురు వోల్టేజీ లేదు, 12 ఆంపియర్లు పారతాయి, 144 వాట్లూ వేడే. వేగం అందుకుని ఎదురు వోల్టేజీ 11.5కి వస్తే మిగిలింది అర వోల్టు, కరెంటు అర ఆంపియరు. లోడ్ పెడితే వేగం కొంచెం పడి ఎదురు వోల్టేజీ 9 అవుతుంది, కరెంటు 3 ఆంపియర్లు, అందులో 27 వాట్లు పనిలోకి, 9 వాట్లు వేడిలోకి. ఇది ఎవరూ పక్కన నిలబడి సర్దేది కాదు, మోటారు తనకి కావలసినంత కరెంటు తనే తీసుకుంటుంది. లోడ్ ఇరుక్కుని ఆగిపోతే మళ్లీ ఆ 12 ఆంపియర్లే. నా దగ్గరికి వచ్చిన కాలిన మోటార్లలో ఎక్కువ భాగం తిరుగుతూ కాలినవి కావు, తిరగలేక కాలినవి. వేడెక్కిన రాగి నిరోధకత డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది, అంటే వంద డిగ్రీలు ఎక్కితే అదే కరెంటుకి దాదాపు 40 శాతం ఎక్కువ వేడి, అందుకే పట్టు తప్పాక చాలా త్వరగా చేజారిపోతుంది.

మిక్సీలు, చేతి డ్రిల్లుల్లో ఉండే యూనివర్సల్ మోటారు దీని చుట్టమే. అయస్కాంతం బదులు స్టేటార్‌లో (కదలని భాగం) కూడా వైండింగ్ పెట్టి రోటార్‌తో వరసలో కలుపుతారు, ఏసీ దిశ మారినప్పుడు రెండూ కలిసి మారతాయి కాబట్టి తోపు ఒకేవైపు ఉంటుంది. వేగం బాగా, మోత అంతకన్నా బాగా.

బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారు, బ్రష్ మోటారుని లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేసినట్టు. అయస్కాంతాలు తిరుగుతాయి, వైండింగ్‌లు కదలకుండా ఉంటాయి, కరెంటు ఎప్పుడు మార్చాలో బ్రష్ బదులు ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది. రోటార్ ఎక్కడుందో తెలియాలి కాబట్టి మూడు హాల్ సెన్సర్లు (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టేవి) పెడతారు, లేకపోతే కరెంటు లేని మూడో వైండింగ్‌లో పుట్టే ఎదురు వోల్టేజీ చూసి స్థానం కనుక్కుంటారు. సెన్సర్ లేని రకం ఆగి ఉన్నప్పుడు గుడ్డిది, తిరగకపోతే ఎదురు వోల్టేజీ ఉండదు కదా, అందుకే డ్రోన్ మోటార్లు మొదట్లో కాస్త తడబడి అందుకుంటాయి. ప్రొపెల్లర్‌కి అదేం బాధ కాదు, బరువుతో కదలాల్సిన బండికైతే బాధే, అక్కడ సెన్సర్లు ఉన్నది తీసుకోండి. ఈ మోటార్ల మీద కేవీ అని ఉంటుంది, దాన్ని కిలోవోల్టు అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. అది వోల్టుకి ఎన్ని ఆర్‌పీఎం అన్న లెక్క. 9.55ని కేవీతో భాగిస్తే ఆంపియరుకి ఎన్ని న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) వస్తుందో దాదాపుగా తెలుస్తుంది, 1000 కేవీ మోటారుకి సుమారు 0.0096. వేగం ఎక్కువిచ్చే వైండింగ్ టార్క్ తక్కువిస్తుంది, రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ.

నిక్కచ్చిగా మాట్లాడేవాళ్ల కోసం ఒక మాట. ఇనుప పళ్ల మధ్య గాడుల్లో తీగ చుట్టిన మోటారులో తీగ మీద పడే బలం చాలా తక్కువ, ఎక్కువ బలం పడేది పళ్ల మీద. లెక్క మాత్రం తీగ మీద పడినట్టు వేసినా అంతే వస్తుంది. గాడుల్లోంచి తీగలు బయటికి తన్నుకురాకపోవడానికి ఒక కారణం ఇదే.

స్టెప్పర్ దగ్గర ఇంకొంచెం సేపు ఆగుదాం, మీరు దాని మీదే మనసు పడ్డట్టున్నారు. ఇందులో కరెంటు మార్చే పని మోటారుది కానే కాదు, మీది. మీరు వైండింగ్ మారిస్తే రోటార్ పక్క స్థానానికి వెళ్లి కూర్చుంటుంది. మామూలుగా దొరికే హైబ్రిడ్ స్టెప్పర్ రోటార్‌కి 50 పళ్లుంటాయి, రెండు ఇనుప కప్పులు సగం పన్ను తేడాతో అమర్చి మధ్యలో అయస్కాంతం పెడతారు, ఒక్కో పన్ను దూరాన్ని నాలుగు అడుగుల్లో దాటుతుంది కాబట్టి చుట్టుకి 200 అడుగులు, అడుగుకి 1.8 డిగ్రీలు. రెండు రకాల బలమూ ఇక్కడ కలిసి పనిచేస్తాయి.

దీని గొప్ప ఏంటంటే సెన్సర్ లేకుండానే ఎన్ని అడుగులేశామో లెక్కపెట్టుకుని ఎక్కడున్నామో చెప్పొచ్చు. దీని ముప్పు కూడా అక్కడే ఉంది. లోడ్ ఎక్కువై ఒక అడుగు తప్పితే దానికి తెలియదు, మీకూ తెలియదు, ఆ తర్వాత లెక్కంతా తప్పే. అదీ కాక ఆగి ఉన్నా పూర్తి కరెంటు తాగుతూ ఉంటుంది, చెయ్యి పెడితే చుర్రుమంటుంది, అది జబ్బు కాదు, దాని తీరే అంత.

వేగం పెంచితే స్టెప్పర్ టార్క్ ఎందుకు పడిపోతుందని మీరు వేరేగా అడిగారు. వైండింగ్‌లో కరెంటు ఎక్కడానికి సమయం పడుతుంది. 1.5 ఓములు, 3 మిల్లీహెన్రీలు, 2 ఆంపియర్ల మోటారు తీసుకోండి. దాని మీద రాసిన 3 వోల్టులే ఇస్తే ఒక మిల్లీసెకనులో కరెంటు 0.8 ఆంపియరు దగ్గరే ఉంటుంది, సెకనుకి వెయ్యి అడుగులు అడిగితే మీకున్న సమయం ఆ ఒక్క మిల్లీసెకనే. అదే 24 వోల్టులిచ్చి, 2 ఆంపియర్లు దాటకుండా కోసే చాపర్ డ్రైవర్ పెడితే పావు మిల్లీసెకనులో ఎక్కేస్తుంది. 3 వోల్టుల మోటారుకి 24 వోల్టులా అని భయపడకండి, డ్రైవర్ కాపాడేది కరెంటుని. మైక్రోస్టెప్పింగ్, అంటే ఒక్కో అడుగుని చిన్న ముక్కలు చేసి వెయ్యడం గురించి ఒక్క మాట. అది కదలికని నునుపు చేస్తుంది, మోత తగ్గిస్తుంది, కచ్చితత్వం మాత్రం అంతగా పెంచదు. పదహారో వంతు మైక్రోస్టెప్ ఒకటి వేస్తే పుట్టే బలం పట్టుబలంలో పదో వంతు కూడా ఉండదు, ఘర్షణ అంతకన్నా ఎక్కువైతే అసలు కదలదు, రెండు మూడు పేరుకున్నాక ఒక్కసారిగా గెంతుతుంది.

సర్వో అన్నది మోటారు రకం కాదు, ఏర్పాటు పేరు. ఏ మోటారుకైనా స్థానం కొలిచే సెన్సర్ పెట్టి, కావలసిన చోటుకీ ఉన్న చోటుకీ తేడా చూసి నడిపిస్తే అది సర్వోయే. బొమ్మ విమానాల సర్వోలో ఉన్నది బుల్లి డీసీ మోటారు, గేర్లు, ఒక పొటెన్షియోమీటర్ (తిప్పితే నిరోధకత మారేది, స్థానం కొలిచేది ఇదే). 20 మిల్లీసెకన్లకోసారి పల్స్ పంపితే, 1.5 మిల్లీసెకన్ల పల్స్‌కి మధ్యలో, 1కి ఒక వైపు, 2కి రెండో వైపు వెళ్తుంది.

మిగిలింది ఇండక్షన్ మోటారు, నాకు అన్నిటికన్నా ముచ్చటైనది. రోటార్‌లో అయస్కాంతం లేదు, బ్రష్ లేదు, బయటి నుంచి ఒక్క వైరు కూడా పోదు. మూడు ఫేజుల కరెంటు స్టేటార్‌లో తిరిగే క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఆ క్షేత్రం రోటార్‌లోని అల్యూమినియం కడ్డీలని దాటుతూ వాటిలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుకి అదే క్షేత్రం తోపునిస్తుంది. కరెంటు మార్చే పని ఏసీ సరఫరానే చేసిపెడుతోంది. 1880లలో ఫెరారిస్, టెస్లా ఎవరికి వారు ఈ తిరిగే క్షేత్రం ఆలోచనకి వచ్చారు, ఇప్పుడు మనం చూసే మూడు ఫేజుల పంజరం రోటార్ రూపం 1889లో డొలీవో డొబ్రోవోల్స్కీది. రోటార్ క్షేత్రంతో సమానంగా తిరిగితే కడ్డీలని దాటే క్షేత్రమే ఉండదు, బలమే ఉండదు, కాబట్టి ఎప్పుడూ కొంచెం వెనకబడే ఉంటుంది. 50 హెర్ట్జ్, నాలుగు పోల్స్ మోటారులో క్షేత్రం 1500 ఆర్‌పీఎం, ప్లేటు మీద 1440 లాంటి అంకె ఉంటుంది, ఆ 60 తేడానే స్లిప్.

సింగిల్ ఫేజ్‌లో క్షేత్రం తిరగదు, ఉన్నచోటే కొట్టుకుంటుంది. అందుకే కెపాసిటర్‌తో రెండో వైండింగ్‌లో కరెంటుని ముందుకి జరిపి తిరుగుతున్నట్టు భ్రమ కల్పిస్తారు. ఫ్యాను గుయ్యిమంటూ తిరగకపోయి, చేత్తో ఎటు తోస్తే అటు తిరిగిందంటే చాలాసార్లు కెపాసిటర్ పోయినట్టే. పెద్ద మోటార్లతో ఆ ప్రయోగం చెయ్యకండి, వేళ్లు మిగలవు. వేగం మార్చాలంటే వీఎఫ్‌డీ (ఏసీ ఫ్రీక్వెన్సీని మార్చి ఇచ్చే డ్రైవ్) పెట్టి ఫ్రీక్వెన్సీ మార్చాలి, ఫ్రీక్వెన్సీ సగం చేస్తే వోల్టేజీ కూడా దాదాపు సగం చెయ్యాలి, లేకపోతే ఇనుము నిండిపోయి కరెంటు ఎగబాకుతుంది. మరీ నెమ్మదిగా తిప్పితే షాఫ్టుకున్న ఫ్యానూ నెమ్మదిస్తుంది, వేడి పోదు, విడిగా ఫ్యాను పెట్టాలి.

మీ గడియకి వద్దాం. స్ప్రింగు త్రాసుతో లాగితే 4 న్యూటన్లు పడుతోందన్నారు, 30 మిల్లీమీటర్లు కదలాలి. లివర్ పెట్టి దూరాన్ని 6 మిల్లీమీటర్లకి తగ్గిస్తే సోలెనాయిడ్ 20 న్యూటన్లు ఇవ్వాలి, అదీ 6 మిల్లీమీటర్ల ఖాళీ దగ్గర, మీదాని బలం అక్కడ అంత ఉండదు. దానికన్నా రెండింతలు పెద్దది కొంటే నడవొచ్చేమో గానీ వేడి సమస్య మళ్లీ మొదటికే. స్టెప్పర్ పెడితే పని అవుతుంది, ఒక గడియ తియ్యడానికి అది అనవసరపు ఆర్భాటం, పైగా పట్టి ఉంచడానికి కరెంటు తాగుతూనే ఉంటుంది.

నేనైతే చిన్న గేరు డీసీ మోటారు, 15 మిల్లీమీటర్ల క్రాంకు (షాఫ్టుకి బిగించిన చేయి, దాన్నుంచి గడియకి ఒక కడ్డీ) పెడతాను. అర చుట్టు తిరిగితే 30 మిల్లీమీటర్లు వచ్చేస్తుంది. కావలసిన టార్క్ 4 × 0.015, అంటే 0.06 న్యూటన్ మీటర్లు, ఘర్షణకీ చలికాలం బిగుసుకోవడానికీ మూడింతలు వేసుకుని 0.2 ఉన్నది తీసుకోండి. అర సెకనులో తెరిచినా కావలసిన పవర్ పావు వాటే, రెండు మూడు వాట్ల మోటారు హాయిగా లాగుతుంది. రెండు చివర్లా లిమిట్ స్విచ్‌లు (చివరికి రాగానే నొక్కుకునేవి) పెట్టి, ఒకవేళ ఇరుక్కుంటే రెండు సెకన్ల తర్వాత కరెంటు ఆపేసేలా ప్రోగ్రాంలో ఒక లైను రాయండి, పైన చెప్పిన ఆగి కాలిపోయే జబ్బు మీ మోటారుకి రాకుండా. చివర్లలో క్రాంకు, కడ్డీ ఒకే గీత మీదకి వస్తాయి కాబట్టి కరెంటు తీసేసినా గడియ అక్కడే ఉంటుంది, వేడి సంగతి తీరిపోయింది.

ఒక్క చోట మాత్రం సోలెనాయిడే మేలు. దానికి స్ప్రింగు ఉంది, కరెంటు పోగానే ఒక తెలిసిన స్థానానికి వచ్చేస్తుంది. మోటారు ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. ఆ తలుపు వెనక మనుషులు ఉండే గదైతే కరెంటు పోయినప్పుడు లోపలి నుంచి చేత్తో తెరిచే పిడి ఒకటి తప్పకుండా పెట్టండి, క్రాంకుని గడియకి గట్టిగా బిగించకుండా పొడవాటి రంధ్రంతో కలిపితే మోటారు అడ్డం రాకుండా పిడి పనిచేస్తుంది. ఆ రంధ్రం పొడవు కూడా 30 మిల్లీమీటర్లు ఉండాలి, తక్కువ చేస్తే పిడి సగంలో ఆగుతుంది.